ద్వారపాలకుణ్ణి ఆపిన నేరం

మా కార్యాలయం పని ఒక్కటే. ప్రమాదం వస్తోందని జనానికి ముందుగా చెప్పడం. గేటు మీద ‘జిల్లా విపత్తు హెచ్చరికల కేంద్రం’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. వాన, వరద, పిడుగు, తుపాను, వీటిలో ఏది రాబోతున్నా వాతావరణం వాళ్ళ వెబ్‌సైటులో మొదట కనపడుతుంది. మేం అది చూసి, సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళ ఫోన్లకు సందేశం పంపుతాం. ఇంత చిన్న పనికి ఇరవై మంది ఎందుకని ఒకాయన సమాచార హక్కు కింద అడిగాడు. ఆయనకు జవాబు తయారుచేయడానికి ఇంకో ఇద్దర్ని వేశారు.

ఈ కేంద్రంలో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు విశ్వంభరం. మా అధికారిణి సహాయ సంచాలకురాలు గొర్లె సువర్చల గారు. చురుకైన మనిషి. ఏ పోటీలోనైనా రెండో స్థానం వస్తే ఆవిడకు ఆ పూట అన్నం సహించదు. జిల్లా ఉద్యోగుల ముగ్గుల పోటీలో న్యాయనిర్ణేతతో వాదించి ఫలితం మార్పించిన చరిత్ర ఆవిడది. జరిగిన కథకు ఈ గుణమే మూలం గనక మొదటే చెబుతున్నాను.

రాజధానిలోని మా ప్రధాన కార్యాలయంలో ఒక పెద్ద అధికారికి ఒకరోజు ఈమెయిల్ వచ్చింది. ‘అభినందనలు! మీరు కారు గెలిచారు. వెంటనే ఇక్కడ నొక్కండి’ అని అందులో ఉంది. ఆయన వెంటనే నొక్కారు. కారు రాలేదు. అరపూటపాటు మా శాఖ వెబ్‌సైటు తెరిచినవాళ్ళందరికీ జుట్టు రాలకుండా ఆపే తైలం ప్రకటన కనపడింది. అంతకు ముందు పదేళ్ళలో మా వెబ్‌సైటు చూసినవాళ్ళ కంటే ఆ అరపూటలో చూసినవాళ్ళే ఎక్కువ. పత్రికలు నవ్వాయి. మా శాఖ కమిషనర్ గారికి తల కొట్టేసినట్టయింది. ఆయన తల బోడిది కావడంతో నవ్వినవాళ్ళు ఇంకొంచెం ఎక్కువ నవ్వారు.

నొక్కినాయనకు ఏ శిక్షా పడలేదు. శిక్ష కంప్యూటర్లకు పడింది. శాఖలోని ప్రతి కంప్యూటరు బ్రౌజరులోనూ ‘ద్వారపాలక్’ అనే భద్రతా ఎక్స్‌టెన్షన్ ఉండి తీరాలని ఉత్తర్వు వచ్చింది. దాన్ని అమర్చడానికి, మాకు బోధించడానికి రాజధాని నుంచి సైబర్ సలహాదారు ఆకెళ్ల వశిష్ఠ విచ్చేశారు. పాతికేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు. కోటు వేసుకున్నారు. మా ఊరి ఉక్కలో కోటు వేసుకున్న మనిషిని మేం అంతకు ముందు పెళ్ళి ఫొటోల్లోనే చూశాం.

“బ్రౌజర్ అంటే మీ ఇంటి గుమ్మం అనుకోండి,” అన్నారాయన సమావేశ మందిరంలో అటూ ఇటూ నడుస్తూ. “ఇంటర్నెట్ అంతా ఆ గుమ్మంలోంచే లోపలికి వస్తుంది. ఇన్నాళ్ళూ ఆ గుమ్మానికి కాపలా లేదు. ఇవాళ్టినుంచి మన ద్వారపాలక్ అక్కడ నిలబడతాడు. ఎవరొచ్చినా ముందు అనుమానిస్తాడు. సైబర్ సెక్యూరిటీలో మొదటి సూత్రం ఏమిటో తెలుసా? నమ్మకమే బలహీనత.”

“మనవాళ్ళొస్తే రానిస్తాడాండీ?” అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు.

“మనవాళ్ళనే ముందు అనుమానించాలి,” అన్నారు వశిష్ఠ. సువర్చల గారు గట్టిగా చప్పట్లు కొట్టారు. కాబట్టి మేమూ కొట్టాం.

బ్రౌజరు పై మూలన డాలు బొమ్మ ఒకటి వెలిసింది. వెబ్ పేజీ మంచిదైతే డాలు ఆకుపచ్చగా ఉంటుంది. కాకపోతే ఎర్రబడి, పేజీ మాయమై, ‘మిమ్మల్ని ఇప్పుడే ఒక ముప్పునుంచి కాపాడాను’ అని తెర నిండా అక్షరాలు వస్తాయి. దాంతోపాటు ఫోన్లు కూడా ముప్పే అని తేల్చి, గేటు దగ్గర ఒక స్టీలు పళ్ళెం పెట్టారు. లోపలికి వచ్చేవాళ్ళు అందులో ఫోను పెట్టి రావాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కొన్న వస్తువు పనిచేస్తోందని రుజువు చూపించకపోతే కొన్నవాళ్ళకు తోచదు కదా. అందుకని ‘సురక్షా సూచి’ పుట్టింది. ఏ జిల్లా కార్యాలయం ఎంత భద్రంగా ఉందో నూటికి ఇన్ని మార్కులని రోజూ సాయంత్రం అన్ని జిల్లాలకూ తెలుస్తుంది. పేజీ తెరిస్తే ప్రమాదానికి అవకాశం ఇచ్చినట్టు గనక మార్కులు తగ్గుతాయి. ద్వారపాలకుడు ఆపిన ప్రతి పేజీకీ మార్కులు పెరుగుతాయి.

మొదటి సాయంత్రం మా జిల్లా చిట్టచివర నిలిచింది. గంట గంటకూ వాతావరణం పేజీ తెరిచే కార్యాలయం ఇంకెక్కడ నిలుస్తుంది? కరెంటు లేక కంప్యూటర్లు నడవని కొండ జిల్లాకు మొదటి స్థానం దక్కింది.

సువర్చల గారు ఆ పట్టిక చాలాసేపు చూశారు. తర్వాత నన్ను పిలిచారు.

“విశ్వంభరం గారూ, వాతావరణం గంట గంటకూ మారుతుందా?”

“మారుతుంది మేడమ్. అందుకే గంటకోసారి చూడమన్నారు.”

“పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే సరిపోదా? ఊరికే చూస్తూ కూర్చుంటే ఆగుతుందా ఏంటి?”

మేం చూడటం వల్ల ఏ తుపానూ ఆగిన దాఖలా లేదు మరి. రోజుకు రెండుసార్లే చూడటం మొదలుపెట్టాం. సూచి పెరిగింది. మధ్య స్థానానికి వచ్చాం. ఆవిడ సిబ్బందికి మైసూర్‌పాక్ పంచారు.

ఆ తర్వాత ద్వారపాలకుడికి కొత్త విద్య నేర్పారు. వశిష్ఠ గారే వీడియోలో వివరించారు. మోసగాళ్ళ ఈమెయిళ్ళు వేలల్లో పరిశీలిస్తే వాటన్నిట్లో కొన్ని మాటలు తప్పకుండా ఉన్నాయట. వెంటనే. తక్షణం. అత్యవసరం. ప్రమాదం. హెచ్చరిక. మనిషిని కంగారుపెట్టి, ఆలోచించనివ్వకుండా నొక్కించడానికే ఈ మాటలు వాడతారట. కాబట్టి ఇకమీదట ఈ మాటలున్న ఏ పేజీనైనా ద్వారపాలకుడు తనంతట తానే ఆపేస్తాడు. తెలుగులో ఉన్నా సరే, ఇంగ్లీషులో ఉన్నా సరే.

“కంగారే శత్రువు,” అన్నారు వశిష్ఠ.

నేను చెయ్యెత్తాను. “సార్, మన కార్యాలయం పేరులోనే ‘హెచ్చరిక’ ఉంది.”

“వెరీ గుడ్ పాయింట్,” అని ఆయన రాసుకున్నారు. వారం తిరక్కుండా మా పేరు ‘జిల్లా విపత్తు సూచనల కేంద్రం’ అయింది. గేటు మీద బోర్డు మార్చారు.

ఇక అక్కణ్ణించి వాతావరణం పేజీ నడవడికలో ఒక క్రమం కనపడింది. సముద్రం ప్రశాంతంగా ఉందనుకోండి, పేజీ చక్కగా తెరుచుకునేది. ‘గాలులు సాధారణం, వేటకు అనుకూలం’ అని చదువుకుని మేం హాయిగా టీ తాగేవాళ్ళం. ఈదురుగాలులో పిడుగులో ఉన్నాయనుకోండి, వాతావరణం వాళ్ళు ‘హెచ్చరిక’ అని రాసేవారు, డాలు ఎర్రబడేది, పేజీ మాయమయ్యేది. అంటే ప్రమాదం లేనప్పుడు లేదని మాకు నికరంగా తెలిసేది. ఉన్నప్పుడు మాత్రం ఏమీ తెలిసేది కాదు. సూచి అయితే రోజురోజుకూ పైకి పోయింది. ఎందుకంటే మా జిల్లాలో ప్రమాదాలకు కొరత లేదు, ఆగిన ప్రతి పేజీకీ మార్కులు.

సువర్చల గారికి మొదటిసారి అనుమానం కలిగింది ‘సైబర్ సురక్షా వారోత్సవం’ మొదలైన నాడు. ఆవరణలో షామియానా వేశారు. వశిష్ఠ గారు స్వయంగా వచ్చి, ‘భద్రత మన శ్వాస’ అనే అంశం మీద మాట్లాడుతున్నారు. శ్వాస దాకా వచ్చేసరికి పడమటినుంచి జడివానతో ఈదురుగాలి లేచింది. షామియానా గుంజలతో సహా లేచి, గోడ దాటి, పక్కనున్న బాలికల పాఠశాల ఆవరణలో పడింది. అదృష్టవశాత్తు ఆదివారం కావడంతో అక్కడెవరూ లేరు. వశిష్ఠ గారి కోటు తడిసి ఆయనకు అంటుకుపోయింది.

“పొద్దున వాతావరణం పేజీలో ఏముంది?” అని వరండాలో నిలబడి నీళ్ళు పిండుకుంటూ అడిగారు సువర్చల గారు.

“తెరుచుకోలేదు మేడమ్. డాలు ఎర్రబడింది.”

ఆవిడ వశిష్ఠ వైపు తిరిగారు. “సార్, గాలి వస్తుందని చెప్పే పేజీని మీవాడు ఆపేశాడు.”

“ఆపాడు కదా? అంటే సిస్టమ్ పనిచేస్తోంది,” అన్నారాయన సంతోషంగా.

“షామియానా ఎగిరిపోయింది కదండీ!”

“మేడమ్, షామియానా డిజిటల్ అసెట్ కాదు. మన స్కోపులోకి రాదు.”

ఆ సాయంత్రం సూచిలో మా జిల్లా రెండో స్థానానికి వచ్చింది. మామూలుగా అయితే రెండో స్థానమా అని ఏడ్చేవారు. ఆరోజు ఆవిడ ఆ పట్టిక తెరవలేదు. పాఠశాల గోడ వైపే చూస్తూ కూర్చున్నారు. సోమవారం అయితే ఏమయ్యేదో అని ఒకటికి రెండుసార్లు నాతో అన్నారు.

మర్నాడు ద్వారపాలకుణ్ణి ఒక్క కంప్యూటర్లోనైనా ఆపడానికి అనుమతి కోరదామని కూర్చున్నాం. అనుమతి దరఖాస్తు శాఖ వెబ్‌సైటులో పెట్టాలి. ‘కారణం’ అనే గడిలో సువర్చల గారు చకచకా టైపు చేశారు: ‘ప్రమాద హెచ్చరికల పేజీ తెరుచుకోవడం లేదు. అత్యవసరం.’

డాలు ఎర్రబడింది. దరఖాస్తు మాయమైంది. ముప్పునుంచి మమ్మల్ని కాపాడినట్టు ద్వారపాలకుడు తెలియజేశాడు.

“ఆ మాటలు లేకుండా రాయాలి మేడమ్,” అన్నాను.

“తుపాను సంగతి తుపాను అనకుండా ఎలా రాస్తామండీ?”

“తుపాను అనొచ్చు. తొందర అని మాత్రం అనకూడదు.”

ఇద్దరం కలిసి చాలాసేపు కష్టపడ్డాం. చివరకు తయారైన పాఠం ఇది: ‘సముద్రం, గాలి మొదలైన విషయాలను అప్పుడప్పుడు తెలుసుకోవాలని మాకు ఆసక్తిగా ఉన్నది. తమకు తీరిక చిక్కినప్పుడు, ఎటువంటి ఒత్తిడీ లేకుండా, ఒక్క కంప్యూటరులో ద్వారపాలక్‌ను ఆపుకోవడానికి అనుమతించగలరు. ఇవ్వకపోయినా ఫరవాలేదు.’ ఆ చివరి వాక్యం నాది. దాంతో డాలు పచ్చబడింది.

జవాబు త్వరగానే వచ్చింది. ‘దరఖాస్తుదారు ఎటువంటి తొందరా కనబరచనందున, విషయం ఆసక్తికి సంబంధించినదే గాని అవసరానికి సంబంధించినది కానందున, అనుమతి నిరాకరించడమైనది.’

సువర్చల గారు ఆ జవాబు చదివి నవ్వారు. అది నవ్వేనని ఇప్పటికీ నేను ప్రమాణం చేయలేను.

అదే వారంలో మా జిల్లా సూచి నూటికి నూరు అయింది. రాష్ట్రంలో ఎవరికీ రాని నూరు. బంగాళాఖాతంలో ఎక్కడో అల్పపీడనం పుట్టడంతో వాతావరణం పేజీ పొద్దునా సాయంత్రమూ ఎర్రబడుతూ వచ్చింది. మేం తెరిచిన పేజీలు సున్నా. ఆగినవే అన్నీ. ‘అత్యంత సురక్షిత కార్యాలయం’ పురస్కారం మాకేనని, కమిషనర్ గారు వీడియోలో స్వయంగా ప్రకటిస్తారని కబురొచ్చింది. జ్ఞాపిక పట్టుకుని వశిష్ఠ గారు మళ్ళీ వచ్చారు. ఈసారి కొత్త కోటు.

పురస్కారం ఆ మధ్యాహ్నం. గోడ మీద పెద్ద తెర, దానికి తగిలించిన కంప్యూటరు, దాని ముందు పూలగుత్తి. ప్రసంగం మొదలు కాబోతుండగా గేటు దగ్గర గొడవ వినపడింది. మైలపల్లి పోలమ్మ లోపలికి వస్తానంటోంది, కాపలావాడు ఫోను పళ్ళెంలో పెట్టమంటున్నాడు. ఇసకలపేట మత్స్యకార మహిళల సంఘానికి ఆవిడ అధ్యక్షురాలు. రేవులో చేపల వేలం ఆవిడ గొంతుతోనే నడుస్తుంది. ఆ గొంతు మా మందిరం దాకా రావడానికి తలుపులు తెరవనక్కర్లేదు.

“ఫోనెట్టీమంటావేటి? మావోళ్లు సంద్రం మీదున్నారు, ఫోనొస్తే ఎవుడెత్తుతాడు, నువ్వెత్తుతావా?”

ఫోనుతోనే వచ్చేసింది. సువర్చల గారు లేచి ఎదురెళ్ళారు.

“అమ్మగోరూ, టీవీలోడు తుపానొస్తంది, తుపానొస్తంది అంటన్నాడు. ఆడు రోజూ అంటాడు. ఆడి మాట ఇంటే మేం ఏడాదంతా పస్తే. మీ మెసేజీ రాలేదు. మీది రాలేదంటే ఏటీ లేనట్టే గదా అని మావోళ్లు బోట్లు దించీసేరు. కొందరెళ్లిపోనారు. నా మొగుడు ఎర్రయ్య కూడా ఎళ్లిపోనాడు. మిగతావోళ్లు తయారవుతన్నారు. ఒక్కమాట సెప్పండి. ఉందా, లేదా?”

సువర్చల గారి మొహం పాలిపోయింది. మా మెసేజీ రాకపోతే ఏమీ లేదని జనం నమ్ముతున్నారు. ఇన్నేళ్ళ మా కష్టార్జితం ఆ నమ్మకం. నమ్మకమే బలహీనత అంటే ఇక్కడే, ఇదే మందిరంలో, మేం చప్పట్లు కొట్టాం.

“పోలమ్మా, నీ ఫోను ఇలా ఇయ్యి,” అన్నారావిడ.

ఆ ఫోనులో వాతావరణం పేజీ తెరిచారు. అక్కడ ద్వారపాలకుడు లేడు. పేజీ అంతా ఎర్రగా ఉంది. తీవ్ర తుపాను, సాయంత్రానికి మన తీరం దగ్గరే, ఒక్క పడవ కూడా నీళ్ళమీద ఉండకూడదు. అది నాకు చూపించారు.

“వశిష్ఠ గారూ! చూడండి!”

ఆయన చూశారు. “మేడమ్, అది పర్సనల్ డివైస్. ఆ సమాచారం ఆథరైజ్డ్ కాదు.”

“అబద్ధమా?”

“అబద్ధమని నేననట్లేదు. ఆథరైజ్డ్ కాదంటున్నాను.”

తీరం పొడుగునా మత్స్యకారుల ఫోన్లన్నిటికీ ఒకేసారి సందేశం వెళ్ళే పేజీ ఆ పురస్కారం కంప్యూటర్లోనే తెరుచుకుంటుంది. మిగతావాటికి అధికారం లేదు. సువర్చల గారు పూలగుత్తి పక్కకు జరిపి దాని ముందు కూర్చున్నారు. ‘తుపాను హెచ్చరిక. వెంటనే ఒడ్డుకు రండి’ అని కొట్టారు. డాలు ఎర్రబడింది. సందేశం మాయం. ఇంకోలా కొట్టారు. మళ్ళీ మాయం. అప్పుడు పళ్ళు బిగబట్టి, దరఖాస్తు రాసిన అనుభవంతో ఇలా రాశారు: ‘మత్స్యకార సోదరులకు నమస్కారం. సముద్రం గురించి చిన్న మాట. వీలు చూసుకుని ఈ సాయంత్రం ఒడ్డున ఉంటే సంతోషిస్తాం.’

డాలు పచ్చబడింది. సందేశం వెళ్ళింది. పోలమ్మ చేతిలో ఫోను మోగింది. ఆవిడకు చదువు రాదు, నాకు ఇచ్చింది. చదివి వినిపించాను.

“ఇదేటి బాబూ, పెళ్లి పిలుపా?” అంది పోలమ్మ. అంతలోనే ఫోను మళ్ళీ మోగింది. ఎర్రయ్య. టవరు ఇంకా అందుతున్న దూరంలోనే ఉన్నాడు. వెనకనుంచి ఇంజను చప్పుడు. ఆవిడ స్పీకరు నొక్కింది.

“ఏటే, ఆఫీసోళ్లు మీటింగెట్టేరా సాయంత్రం? మాకు ఈలవదని సెప్పు. వల కట్టీసేం, ఎళ్తన్నాం.”

“ఎనక్కి రా! ఎనక్కి రారా సచ్చినోడా!” అని అరిచింది పోలమ్మ. మాట మధ్యలో లైను తెగిపోయింది. మళ్ళీ చేసింది. అందలేదు. మళ్ళీ చేసింది.

సరిగ్గా అప్పుడే తెర మీద కమిషనర్ గారు ప్రత్యక్షమయ్యారు. వెనక శాఖ చిహ్నం, రెండు జెండాలు.

“సహోద్యోగులకు శుభాకాంక్షలు. నూటికి నూరు శాతం సురక్షిత కార్యాలయాన్ని రూపొందించిన మీ కృషి యావత్ రాష్ట్రానికి దిక్సూచి కాగలదు. ఈ సందర్భంగా భద్రత అనగానేమి అన్న ప్రశ్నను మనం వేసుకోవలసి ఉన్నది…”

“సార్,” అన్నారు సువర్చల గారు. “తీవ్ర తుపాను వస్తోంది సార్. సందేశం వెళ్ళట్లేదు. ద్వారపాలక్‌ను ఆపడానికి అనుమతివ్వండి.”

కమిషనర్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. “సువర్చల గారూ, తుపాను వేరే అజెండా. అది రేపటి సమావేశంలో ఉన్నది. నేటి కార్యక్రమం పురస్కారం.”

“రేపటికి మనుషులుండరు సార్.”

“మీ ఆవేదన సముచితమే. కానీ ప్రక్రియ అనేది ఒకటుంది. లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసుకుంటే సానుభూతితో పరిశీలిస్తాం.”

ఆవిడ మౌస్ పట్టుకున్నారు. బ్రౌజరు కుడిమూలన మూడు చుక్కలుంటాయి. వాటిమీద నొక్కారు. ఎక్స్‌టెన్షన్ల వరస వచ్చింది. ద్వారపాలక్ పేరు పక్కన చిన్న నీలం మీట. ఇన్నాళ్ళూ అది అక్కడే ఉంది.

“మేడమ్, వద్దు,” అని వశిష్ఠ ముందుకొచ్చారు. “అది కేవలం స్విచ్ కాదు. రాష్ట్ర భద్రతా విధానం.”

“ఇంత తేలికా దీన్ని ఆపడం?”

“ఆపడం కష్టంగా ఉండేలా చేయలేదు మేడమ్. ఆపాలనే ఆలోచన రావడం కష్టంగా ఉండేలా చేశాం.”

ఆ మాట ఆయన గర్వంగా అన్నారని నేను విచారణలో కూడా చెప్పాను. సువర్చల గారు మీట నొక్కారు. ‘ద్వారపాలక్ లేకుండా మీరు సురక్షితంగా లేరు. కొనసాగాలా?’ అని వచ్చింది. ‘వద్దు’ అన్నది పెద్దగా పచ్చగా ఉంది. ‘నా బాధ్యతపై కొనసాగుతాను’ అన్నది కళ్ళు చికిలిస్తే గాని కనపడనంత చిన్నగా ఉంది. ఆవిడ చికిలించారు. నొక్కారు. మూలన డాలు బూడిదరంగుకు మారింది.

తెర మీద కమిషనర్ గారు మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన పక్కన పెట్టిన ‘100’ అనే అంకె మినుకుమని ‘0’ అయింది. ఆయన ఆగిపోయారు. ఆ సున్నా రాష్ట్రంలోని అన్ని జిల్లాల తెరల మీదా కనపడిందట.

“ఏమి జరిగింది?” అన్నారాయన. “సువర్చల గారూ, ఏ అధికారంతో…”

ఆవిడ వినలేదు. టైపు చేస్తున్నారు. ‘తీవ్ర తుపాను హెచ్చరిక. ప్రాణాపాయం. సముద్రంలో ఉన్నవాళ్ళు వెంటనే, వెంటనే ఒడ్డుకు రండి. ఎవరూ బయల్దేరవద్దు.’ ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్న మాటలన్నీ ఒకేసారి అందులో పడ్డాయి. పంపారు. పోలమ్మ ఫోను మోగింది. గేటు దగ్గర పళ్ళెంలో ఉన్న సిబ్బంది ఫోన్లలో ఆ జాబితాకెక్కినవి కూడా స్టీలు మీద గిరగిరా తిరుగుతూ మోగాయి.

ఎర్రయ్యకు లైను కలవలేదు. సందేశం చేరిందో లేదో తెలియదు. పోలమ్మ ఇక అక్కడ ఉండలేదు. సువర్చల గారు కూడా జీపెక్కారు. జ్ఞాపిక నా చేతిలో పెట్టి వశిష్ఠ గారు కుర్చీలో కూలబడ్డారు. దాన్ని బల్ల మీద పడేసి నేనూ జీపెక్కాను.

ఇసకలపేట రేవులో అప్పటికే గాలి మొదలైంది. ఒడ్డున ఉన్నవాళ్ళు పడవలు పైకి లాగుతున్నారు. మొదట ఒక పడవ కనపడింది, వెనకాల ఇంకొకటి, తర్వాత వరసగా. ఒడ్డు దగ్గర కెరటం ఒకదాన్ని తిరగేసింది. అది ఎర్రయ్య ఉన్న పడవ. మనుషులు ఈదుకుని వచ్చారు. పడవ రాళ్ళకు కొట్టుకుని ముక్కలైంది. పోలమ్మ మొగుణ్ణి చొక్కా పట్టుకుని లాగి, రెండు దెబ్బలేసి, తర్వాత ఏడ్చింది. సువర్చల గారు జీపు పక్కన, ఇసుకలో, చెప్పులు లేకుండా నిలబడి తడుస్తున్నారు. చెప్పులు ఎక్కడ పోయాయో ఆవిడకు గుర్తు లేదు.

“నేనే, విశ్వంభరం గారూ,” అన్నారు నేను గొడుగు పట్టబోతే. “రోజుకు రెండుసార్లు చూస్తే చాలన్నది నేనే. మైసూర్‌పాక్ పంచాను కూడా.”

గొడుగు గాలికి తిరగబడింది.

తుపాను ఆ సాయంత్రమే తీరం దాటింది. ఇళ్ళ కప్పులు పోయాయి, కొబ్బరిచెట్లు పోయాయి. మనుషులు పోలేదు.

సువర్చల గారిని సస్పెండు చేస్తూ ఉత్తర్వు వెలువడింది. అందులో ‘తక్షణమే అమలులోకి వచ్చును’ అని ఉండటంతో, మళ్ళీ ప్రతిష్ఠించిన ద్వారపాలకుడు దాన్ని రెండుసార్లు ఆపేశాడు. చివరికి మనిషి చేతికిచ్చి కారులో పంపించారు. విచారణకు ప్రధాన కార్యాలయం నుంచి సంయుక్త కమిషనర్ జోస్యుల మృత్యుంజయరావు గారు వచ్చారు. మెత్తటి మనిషి. ఎవరినీ గద్దించరు. అదే మందిరంలో బల్ల వేసుకుని కూర్చున్నారు. సువర్చల గారు ఒక పక్క, వశిష్ఠ గారు ఇంకో పక్క.

“మార్గదర్శకాల ప్రకారం,” అన్నారాయన, “నిజమైన అత్యవసర స్థితిలో ద్వారపాలక్‌ను ఆపడం క్షమార్హం. కనుక తేలవలసింది ఒక్కటే. ఆనాడు నిజమైన అత్యవసర స్థితి ఉన్నదా?”

“తుపాను వచ్చింది కదా సార్,” అన్నారు సువర్చల గారు.

“వచ్చింది. ప్రాణనష్టం?”

“లేదు సార్.”

“ఒక్కరు కూడా?”

“ఒక్కరు కూడా పోలేదు సార్. సందేశం అందింది కాబట్టే…”

“అది మీ ఊహ. రికార్డులో ఉన్నది ప్రాణనష్టం శూన్యం అని.” ఆయన విచారంగా తల ఊపారు. “ప్రాణనష్టం లేనిచోట అత్యవసర స్థితి ఉన్నదని ఏ ఆధారంతో రాయమంటారమ్మా? నాకు మీమీద సానుభూతి ఉంది. కానీ మీరే నాకు ఏ ఆధారమూ మిగల్చలేదు.”

సాక్షిగా పోలమ్మను పిలిచారు. ఈసారి ఫోను పళ్ళెంలో పెట్టించాకే లోపలికి పంపారు. ఆవిడ పక్కన ఎర్రయ్య కూడా వచ్చి నిలబడ్డాడు. ఆధారంగా పనికొస్తాడని తెచ్చిందట.

“చూడమ్మా,” అన్నారు మృత్యుంజయరావు గారు, “ఆరోజు మీ పేటలో ఎవరైనా చనిపోయారా?”

“లేదు బాబూ. ఇడిగో, ఈడు కూడా బతికే ఉన్నాడు.”

“అదే వచ్చిన చిక్కు,” అన్నారాయన. “ఎవరైనా పోయి ఉంటే ఈ అమ్మ చేసింది సరైనదే అని రాసేవాణ్ణి.”

పోలమ్మకు వెంటనే అర్థం కాలేదు. సువర్చల గారి వైపు చూసింది, ఎర్రయ్య వైపు చూసింది, మళ్ళీ బల్ల వైపు చూసింది.

“అయితే బాబూ, ఎందరు సావాలి?”

ప్రశ్న సమంజసమైనదే అనిపించి కాబోలు, మృత్యుంజయరావు గారు మార్గదర్శకాల పుస్తకం తెరిచారు. వెనక్కీ ముందుకీ తిప్పారు. వశిష్ఠ గారిని అడిగారు, ఆయనకూ తెలియదు. సంఖ్య ఎక్కడా లేదు.

“దీనిపై స్పష్టత లేదు,” అని ఆయన ఒప్పుకున్నారు, నిజాయితీగా. అక్కడికక్కడే నాచేత లేఖ రాయించి సంతకం చేశారు. అత్యవసర స్థితిగా పరిగణించుటకు కనీసం ఎంతమంది మరణించవలెనో తెలియజేయవలసిందిగా పై కార్యాలయాన్ని కోరడమైనది.

జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా సువర్చల గారి సస్పెన్షన్ కొనసాగుతుంది.